దాణాలో చిటికెడు

(కమ్యూనిటీ రేడియోలో పారమట్టా ప్రాంతపు తెలుగు శ్రోతల కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట కోళ్ళ గురించి మాట్లాడదామని వచ్చాను. వంటల కార్యక్రమం కాదు లెండి. కోడి ఒంట్లో కొవ్వు ఎలా తయారవుతుంది, దాణాలో కలిపే విటమిన్లూ నూనెలూ ఆ కొవ్వుని ఏం చేస్తాయి, అవి జన్యువుల దాకా ఎలా వెళ్ళి పనిచేస్తాయి, ఇదీ ఇవాళ్టి విషయం. చివర్లో మనం మందుల షాపులో కొనుక్కునే సీసాల దగ్గరికి కూడా వస్తాను.

నేను పశువైద్యుణ్ణి కాను. చదివింది కంప్యూటర్లలో ఎం.ఎస్., చేసేది ఐ.టి. కన్సల్టింగు. మరి కోళ్ళ సంగతి నీకెందుకయ్యా అంటారేమో. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఇక్కడ పడమటి సిడ్నీలో ఒక దాణా తయారీ సంస్థకి కొన్నాళ్ళు సాఫ్ట్‌వేరు పని చేసిపెట్టాను. రెండోది, మా బాబాయికి అనపర్తి దగ్గర గుడ్ల కోళ్ళ ఫారం ఉంది. వేసవి వచ్చిందంటే ఆయన ఫోను తప్పదు.

దాణా తయారీ అంటే నిజానికి ఒక పెద్ద లెక్క. కోడికి ఇంత శక్తి, ఇన్ని మాంసకృత్తులు, ఇంత కాల్షియం కావాలి. మన దగ్గర గోధుమ, జొన్న, సోయా చెక్క, నూనె ఉన్నాయి. వీటిని ఏ పాళ్ళలో కలిపితే అన్నీ సరిపోయి, ఖర్చు అన్నిటికన్నా తక్కువవుతుంది? మాలాంటి కంప్యూటర్ వాళ్ళు దీన్ని లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. ఈ పద్ధతిని మొట్టమొదట ప్రయత్నించి చూసిన లెక్కల్లో ఒకటి తిండి లెక్కే. మనిషికి ఏడాదికి అతి చవకైన ఆహారం ఏదని జార్జ్ స్టిగ్లర్ 1945లో ఒక సమస్య వేశాడు. జార్జ్ డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతిని 1947లో దానిమీదే పరీక్షించారు.

ఆ సాఫ్ట్‌వేరులో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. ఒక్కో ధాన్యానికి ఒక్కో వరస, ఒక్కో పోషకానికి ఒక్కో గడి. కొన్ని పోషకాలకి మాత్రం ఒకటికి రెండు గడులు కనిపించాయి. ఒకదానిలో ఆ ధాన్యంలో పోషకం ఎంత ఉందో రాస్తారు, రెండోదానిలో అందులో ఎంత కోడికి అందుతుందో రాస్తారు. ఉన్నదంతా అందదా అని అడిగితే, అక్కడి పౌష్టికాహార నిపుణుడు నవ్వి ఒక పాత కథ చెప్పాడు. దానికి కొంచెం ఆగి వస్తాను.

ముందు, మనవాళ్ళు ఎక్కడ కలిసినా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇక్కడి కోళ్ళు అంత త్వరగా అంత లావు అవుతున్నాయంటే హార్మోన్లు ఇస్తున్నట్టేగా?" అని. ఇవ్వరండి. ఆస్ట్రేలియాలో 1960ల నుంచీ మాంసం కోళ్ళకు హార్మోన్లు వాడడం లేదు. మరి ఆ పెరుగుదల ఎక్కడిది? కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 1957 నాటి కోడి వంశాన్నీ, 1978 నాటిదాన్నీ, 2005 నాటిదాన్నీ పక్కపక్కన పెట్టి, మూడింటికీ ఒకే దాణా వేసి పెంచారు. 56 రోజులకి మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగింది. దాణా ఒకటే గనక తేడా అంతా వంశానిదే. తరతరాలుగా బాగా ఎదిగినవాటిని ఏరి జత కలుపుతూ వచ్చిన ఫలితం అది.

అయితే దాణా పనేమీ లేదా? ఉంది. జన్యువు అంటే ప్రోగ్రాం అనుకోండి. 2004లో కోడి జన్యుపటాన్ని ప్రచురించినప్పుడు అందులో సుమారు వంద కోట్ల అక్షరాలు, ఇరవై వేల పైచిలుకు జన్యువులు తేలాయి. ఆ ప్రోగ్రాములన్నీ ప్రతి కణంలోనూ ఉంటాయి, కానీ అన్నీ ఒకేసారి నడవవు. ఏది ఎప్పుడు నడవాలి, ఎంత జోరుగా నడవాలి అని చెప్పే మీటలు వేరే ఉంటాయి. తిండి ఆ మీటల మీద చెయ్యి వేస్తుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారదు, నడిచే తీరు మాత్రం మారుతుంది.

దీనికి మంచి ఉదాహరణ కోడిపిల్ల. గుడ్డులో ఉన్న 21 రోజులూ అది పచ్చసొనలోని కొవ్వుని కరిగించుకునే బతుకుతుంది. దానికి కావలసిన శక్తిలో 90 శాతం పైగా అక్కడినుంచే వస్తుంది. బయటికొచ్చాక తినేది ధాన్యం, అంటే ఎక్కువ భాగం పిండిపదార్థం. అప్పటిదాకా కొవ్వు కరిగించిన కాలేయం ఇప్పుడు కొవ్వు తయారు చేయాలి. మేత తగిలిన కొద్ది రోజుల్లోనే కొవ్వు కట్టే ఎంజైములు కాలేయంలో ఎన్నో రెట్లు పెరుగుతాయి. మేత పెట్టకపోతే పెరగవు. పెరిగాక పస్తు ఉంచితే మళ్ళీ పడిపోతాయి. అలన్ గుడ్‌రిడ్జ్ అనే శాస్త్రజ్ఞుడు 1960ల చివరి నుంచీ ఎన్నో ఏళ్ళు ఈ ఒక్క విషయమే తవ్వాడు. జన్యువు ఎప్పుడూ అక్కడే ఉంది. దాన్ని లేపింది గింజ.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. కోడి తన కొవ్వుని తయారు చేసుకునేది దాదాపు అంతా కాలేయంలోనే. పందిలో ఆ పని ఎక్కువగా కొవ్వు కణజాలంలో జరుగుతుంది. కోడిలో మాత్రం కాలేయం ఫ్యాక్టరీ, పొట్ట అడుగున మనం కూరకి కోసేటప్పుడు తీసిపారేసే ఆ పసుపుపచ్చ ముద్ద గోదాము. ఫ్యాక్టరీ నుంచి గోదాముకి సరుకు రక్తంలో లారీల మీద వెళ్తుంది. ఆ లారీలు కొవ్వూ మాంసకృత్తీ కలిసిన చిన్న చిన్న ఉండలన్నమాట. మనిషి కాలేయం కూడా కొవ్వు తయారీలో పెద్ద ఫ్యాక్టరీయే. అంచేత ఈ విషయంలో కోడికీ మనకీ చుట్టరికం ఎక్కువ.

ఈ ఫ్యాక్టరీకి మేనేజర్లు ఉన్నారు. ఎస్.ఆర్.ఈ.బి.పి.-1 అనే మాంసకృత్తి ఒకటి. టెక్సస్ లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ల పరిశోధనశాలలో 1993లో ఇది బయటపడింది. అది డి.ఎన్.ఏ. మీద కూర్చుని, కొవ్వు కట్టే ఎంజైముల జన్యువులన్నిటినీ ఒకేసారి నడపమని చెబుతుంది. దానికి ఎదురుగా పీపార్-ఆల్ఫా అని ఇంకొకటి ఉంది. అది కొవ్వు కరిగించే జన్యువులని నడుపుతుంది. ఎక్కువ పిండిపదార్థం తింటే మొదటిదాని మాట చెల్లుతుంది. పస్తు ఉంటే రెండోదాని మాట చెల్లుతుంది.

మరి దాణాలో కలిపే నూనె ఏం చేస్తుంది? అవిసె నూనె, చేప నూనె లాంటివాటిలోని కొవ్వు ఆమ్లాలు మొదటి మేనేజరుని అణచి, రెండోదాన్ని తట్టిలేపుతాయి. పశువుల కొవ్వుకి ఆ గుణం అంతగా లేదు. 1990ల చివరా 2000ల మొదట్లోనూ స్పెయిన్ లో బ్రాయిలర్ కోళ్ళ మీద ప్రయోగాలు చేశారు. దాణాలో శక్తి సమానంగా ఉంచి, కొందరికి పశువుల కొవ్వు, కొందరికి పొద్దుతిరుగుడు, అవిసె లాంటి నూనెలు కలిపారు. నూనె తిన్న కోళ్ళకి పొట్ట కొవ్వు తక్కువ కట్టింది. కెలరీలు లెక్కేస్తే రెండూ ఒకటే, కాలేయానికి మాత్రం అవి రెండు వేరు వేరు ఆజ్ఞలు. దీనికి ఇబ్బందులూ ఉన్నాయి. అలాంటి నూనె ఎక్కువైతే మాంసంలోని కొవ్వు మెత్తబడుతుంది, త్వరగా కారుతుంది, చేప నూనె అయితే వాసన కూరలోకి వస్తుంది. దానికి విరుగుడుగా విటమిన్-ఇ పెంచాలి. అంటే ఒక్క మీట నొక్కితే పక్కన నాలుగు కదులుతాయన్నమాట.

ఇక ఆ పాత కథ. ముందు కోడి ఇక్కడ గోధుమ ఎందుకు తింటుందో చెప్పాలి. మనం ఉంటున్న ఈ పారమట్టాలోనే 1789లో జేమ్స్ రూస్ అనే శిక్ష ముగిసిన ఖైదీకి కొంచెం నేల ఇచ్చి, ఒక్క కుటుంబం సేద్యం చేసుకుని బతకగలదేమో చూద్దామన్నారు. ఆ చోటు పేరే ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్. హారిస్ పార్క్ కి దోసెలు తినడానికి వెళ్ళినప్పుడు మీరు ఆ పక్కనుంచే వెళ్ళి ఉంటారు. అలా మొదలైన గోధుమ ఈ దేశాన్ని ఏలింది. కోడికీ అదే ముఖ్యమైన మేత అయింది. మన గోదావరి జిల్లాల్లో కోడి తినేది మొక్కజొన్న, నూకలు, తవుడు.

1960, 70లలో బ్రిటన్ లోనూ ఆస్ట్రేలియాలోనూ బ్రాయిలర్ ఫారాలకి ఒక పీడ వచ్చింది. రెండు మూడు వారాల పిల్లలు, చూడ్డానికి నిక్షేపంగా ఉన్నవి, ఉన్నట్టుండి చచ్చిపోయేవి. ఓ రాత్రి కరెంటు పోయి చలి వేసినా, ఓ పూట మేత ఆలస్యమైనా, తెల్లారేసరికి కొన్ని పడి ఉండేవి. కోసి చూస్తే కాలేయం, మూత్రపిండాలు పాలిపోయి, ఉబ్బి, కొవ్వుతో నిండి ఉండేవి. ఫ్యాటీ లివర్ అండ్ కిడ్నీ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఏ సూక్ష్మజీవీ దొరకలేదు. గోధుమ దాణా తిన్నవాటిలో ఎక్కువగా వస్తోందని మాత్రం తేలింది. 1974లో బయోటిన్ అనే విటమిన్ కి దీనితో సంబంధం ఉందని బయటపెట్టారు. దాణాలో కాస్త బయోటిన్ కలిపితే చావులు ఆగాయి.

ఎందుకు ఆగాయో విప్పిచెప్పినవాళ్ళలో మన పక్కవాళ్ళు ఉన్నారు. ఇక్కడికి కారులో అరగంట దూరం లేని నార్త్ రైడ్ లో, సి.ఎస్.ఐ.ఆర్.ఓ. ఆహార పరిశోధనశాల శాస్త్రజ్ఞులు పియర్సన్, జాన్సన్, హుడ్, ఫోగర్టీ 1976లో ఆస్ట్రేలియన్ జర్నల్ ఆఫ్ బయొలాజికల్ సైన్సెస్ లో దీని మీద వరసగా వ్యాసాలు ప్రచురించారు. సంగతి ఏమిటంటే, కాలేయంలో బయోటిన్ తోడు లేనిదే పనిచేయని ఎంజైములు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి, ఆకలి వేళ కొత్తగా గ్లూకోజు తయారు చేసే దారికి వాకిలి లాంటిది. పైరువేట్ కార్బాక్సిలేజ్ దాని పేరు. ఇంకొకటి కొవ్వు తయారీకి మొదటి మెట్టు. రెండిటికీ బయోటిన్ కావాలి గనక, కొరత వస్తే రెండూ సమంగా కుంటుపడతాయని మనం అనుకుంటాం. కొవ్వు తక్కువ కావాలని కూడా అనుకుంటాం. కానీ జరిగింది వేరు. కొరత కొద్దిగా ఉన్నప్పుడు దెబ్బ తిన్నది గ్లూకోజు వాకిలి. కొవ్వు దారి నడుస్తూనే ఉంది. వాకిలి మూసుకున్నాక సరుకంతా తెరిచి ఉన్న దారికి మళ్ళింది, కాలేయం కొవ్వుతో నిండింది. మేత ఉన్నంతసేపు ఏమీ తెలియదు. ఒక్క పూట మేత తప్పిందా, కొత్త గ్లూకోజు తయారు కాదు, రక్తంలో చక్కెర పడిపోతుంది, పిల్ల చచ్చిపోతుంది. ఒంటినిండా కొవ్వు ఉండి ఆకలితో చావడం అన్నమాట.

అసలు చిక్కు ఇంకా ఉంది. గోధుమలో బయోటిన్ లేదా అంటే, ఉంది. పట్టిక చూస్తే మొక్కజొన్న కన్నా గోధుమలోనే ఎక్కువ. కానీ గోధుమలో అది కోడి పేగు విప్పుకోలేని విధంగా కట్టుబడి ఉంటుంది. మొక్కజొన్నలోది దాదాపు అంతా కోడికి అందుతుంది. గోధుమలోది దాదాపు ఏమీ అందదు. ఆ పట్టికలో రెండు గడులు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. మొదటి గడి మాత్రమే చూసిన లెక్క ప్రకారం ఆ పిల్లలకి ఏ లోటూ లేదు. ఎంత కావాలో వింటే ఆశ్చర్యపోతారు. 1994 నాటి అమెరికా జాతీయ పరిశోధనా మండలి ప్రమాణం ప్రకారం కిలో దాణాకి 0.15 మిల్లీగ్రాము, అంటే టన్నుకి 150 మిల్లీగ్రాములు. టన్ను దాణాకి చిటికెడు కూడా కాదు.

బయోటిన్ కథ మొదలైందీ కోడిగుడ్డు దగ్గరే. 1920లలో ఎలుకలకి పచ్చి తెల్లసొన మేపితే చర్మం పాడై, వెంట్రుకలు ఊడడం గమనించారు. తెల్లసొనలో అవిడిన్ అనే మాంసకృత్తి బయోటిన్ ని పట్టి వదలదని 1940ల మొదట్లో తేలింది. ఉడికిస్తే ఆ పట్టు పోతుంది. జిమ్ముకి వెళ్ళి పచ్చిగుడ్లు తాగే కుర్రాళ్ళెవరైనా వింటుంటే గమనించగలరు.

బయోటిన్ పని ఎంజైముకి తోడుగా ఉండడంతో అయిపోలేదు. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన చౌహాన్, దక్షిణామూర్తి 1991లో, పస్తు ఉన్న ఎలుకలకి బయోటిన్ ఇస్తే కాలేయంలో గ్లూకోకైనేజ్ అనే ఎంజైము జన్యువే జోరందుకుంటుందని చూపించారు. ఒక విటమిన్ నేరుగా జన్యువు మీటని కదిపింది.

ఇప్పుడు అనపర్తి వెళ్దాం. అక్కడివి గుడ్ల కోళ్ళు, వాటి సంగతి వేరు. పెట్ట గుడ్డు పెట్టే వయసుకి రాగానే ఈస్ట్రోజన్ అనే హార్మోను, అదీ దాని ఒంట్లో సహజంగా వచ్చేదే, కాలేయంలో పచ్చసొనకి కావలసిన జన్యువులని లేపుతుంది. పుంజుకి ఈస్ట్రోజన్ ఇచ్చి చూశారు. ఎన్నడూ గుడ్డు పెట్టని దాని కాలేయం కూడా పచ్చసొన మాంసకృత్తిని తయారు చేసింది. ప్రోగ్రాము పుంజులోనూ ఉంది, నడిపే ఆజ్ఞే లేదు. ఒక్కో గుడ్డుతో సుమారు 5 గ్రాముల కొవ్వు బయటికి పోతుంది. రోజూ అంత కొవ్వు కట్టే కాలేయానికి కాస్త తిండి ఎక్కువైనా, కదలిక తక్కువైనా, ఎండ ముదిరినా, కొవ్వు పేరుకుపోతుంది. అలాంటి కాలేయం మైనంలా పెళుసై, ఒకరోజు చిట్లి, లోపలే రక్తం కారి పెట్ట చచ్చిపోతుంది. దీన్ని 1956లో టెక్సస్ లో కౌచ్ అనే ఆయన మొదట వర్ణించాడు.

ఒక ఏప్రిల్ లో బాబాయి ఫోను చేశాడు. "ఒరే అబ్బాయ్, రోజూ పెట్టలు పోతున్నాయిరా. మందుల కుర్రాడు లివర్ టానిక్కులు నాలుగు రకాలు ఇచ్చిపోయాడు. నువ్వేదో దాణా కంపెనీలో చేశావుగా, ఏది పొయ్యమంటావ్?"

"చచ్చినదాన్ని కోసి చూశారా బాబాయ్? పెట్టలు ఎంత తూగుతున్నాయ్?"

"తూకం ఎవడేస్తాడ్రా ఇప్పుడు?"

వేయించాం. అక్కడి పశువైద్యుడు కోసి చూసి కాలేయం చిట్లిందన్నాడు. పెట్టలు ఆ వంశానికి ఉండవలసిన బరువుని బాగా దాటి ఉన్నాయి. మొక్కజొన్న ధర పెరిగిందని నూకలూ నూనే ఎక్కువ కలుపుతున్నారు, దాంతో దాణాలో శక్తి పెరిగిపోయింది. ఆయన చెప్పినట్టు శక్తి తగ్గించారు, తెల్లవారుజామున చల్లపూట మేత వేశారు, షెడ్డులో నీటి తుంపర్లు పెట్టారు, కోలీన్, మిథయోనిన్ ప్రమాణం ప్రకారం సరిచేశారు. చావులు తగ్గాయి.

కోలీన్ ఎందుకంటే, ఇందాక లారీలు అన్నాను కదా, ఆ లారీ పైకప్పు కట్టడానికి కోలీన్ కావాలి. అది లేకపోతే సరుకు తయారై కూడా ఫ్యాక్టరీలోనే పడి ఉంటుంది. కానీ గమనించండి, లారీలు చాలినన్ని ఉన్నాక ఇంకో పది కొంటే సరుకు తగ్గదు. తయారీయే అతిగా ఉంటే ముందు తయారీ తగ్గించాలి.

చావులు తగ్గగానే మందుల కుర్రాడు వచ్చి "చూశారా, మా టానిక్ మహిమ" అన్నాడట. నాలుగు పనులు ఒకేసారి చేశాం గనక దేనివల్ల ఎంత తగ్గిందో ఎవరూ చెప్పలేరు. అంచేత మరుసటి వేసవికి బాబాయితో ఒక చిన్న ఏర్పాటు చేయించాను. రెండు షెడ్లు, ఒకే వయసు పెట్టలు, ఒకే దాణా. ఒక షెడ్డు నీళ్ళలో టానిక్, రెండోదానిలో వట్టి నీళ్ళు. రోజూ పోయినవాటి లెక్క గోడమీద సుద్దముక్కతో రాయడం. వేసవి అయ్యాక చూస్తే రెండు గోడలకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క ఫారంలో ఒక్క వేసవి చూసింది శాస్త్రం అయిపోదు. బాబాయి ఖర్చు లెక్కకి మాత్రం అది చాలింది.

జన్యువుల మీట గురించి ఇంకొక్క సంగతి. కోలీన్, బీటైన్, మిథయోనిన్, ఫోలిక్ ఆమ్లం, వీటన్నిటి దగ్గరా మిథైల్ అనే చిన్న రసాయన ముక్క ఉంటుంది. కణం ఆ ముక్కని తెచ్చి డి.ఎన్.ఏ. మీద అంటిస్తుంది. అంటించినచోట జన్యువు సాధారణంగా మౌనంగా ఉంటుంది. మనం ప్రోగ్రాములో ఒక వరసని చెరపకుండా, నడవకుండా కామెంటు పెడతామే, అలాగన్నమాట. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు, వాటర్‌ల్యాండ్, జర్టిల్, 2003లో చుంచెలుకల మీద దీన్ని చూపించారు. చూలు చుంచులకి ఈ పోషకాలు ఎక్కువగా ఇస్తే, పసుపురంగులో లావుగా పుట్టే వంశంలో గోధుమరంగు పిల్లలు ఎక్కువ పుట్టాయి. జన్యువు అదే, దానిమీద అంటిన ముక్కలు వేరు. కోళ్ళలో కూడా ఈ దారిన పరిశోధన నడుస్తోంది. చైనాలో నాన్జింగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో, గుడ్డులోకే బీటైన్ ఎక్కిస్తే పుట్టిన పిల్ల కాలేయంలో కొలెస్టరాల్ కి సంబంధించిన జన్యువుల మీద ఈ ముక్కలు మారాయని ప్రచురించారు.

ఇలాంటివి చదివితే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. అమ్మేవాళ్ళకి ఇంకా ఎక్కువ వస్తుంది. జన్యువు కదిలిందనడం ఒక ఎత్తు, ఫారంలో కోడి బాగుపడిందనడం ఇంకో ఎత్తు. ఈ రెండిటి మధ్యా ఆ రెండు గోడల మీది సుద్దముక్క లెక్క ఉంటుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. చర్చ్ స్ట్రీట్ లో ఏ మందుల షాపుకి వెళ్ళినా విటమిన్ సీసాల వరసే వేరు. మన ఐ.టి. వాళ్ళం రోజంతా కుర్చీలో, పంజరంలో పెట్టలాగే కూర్చుని, అన్నం, స్నాక్సు తింటూ, ఏడాదికోసారి పరీక్ష చేయిస్తే ఫ్యాటీ లివర్ అని రాసి ఇస్తున్నారు. మన దక్షిణాసియా వాళ్ళకి బరువు పెద్దగా లేకపోయినా ఇది వస్తుంది. వెంటనే ఒక సీసా కొంటాం, కార్నిటిన్ అనో, కొవ్వు కరిగించేది అనో. జుట్టు ఊడుతోందని బయోటిన్ కొంటాం.

కోళ్ళ దగ్గర నేర్చుకున్నదాన్నిబట్టి, సీసా కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. మొదటిది, నాకు నిజంగా లోటు ఉందా? బయోటిన్ ఆ పిల్లలని కాపాడిందంటే వాటికి లోటు ఉంది గనకే. లోటు లేనిచోట అది మహిమ చూపదు. రెండోది, లోపలికి వెళ్ళింది అందుతోందా, లేక సీసా మీద రాసిన అంకె మాత్రమేనా? మూడోది, ఇది కాక ఇంకేం మార్చాను? సీసాతోపాటు నడకా మొదలుపెట్టి, రాత్రి అన్నమూ తగ్గించి, పేరు మాత్రం సీసాకి ఇవ్వకూడదు.

బయోటిన్ గురించి ప్రత్యేకంగా ఒక మాట, దయచేసి శ్రద్ధగా వినండి. పెద్దవాళ్ళకి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలని అమెరికా ప్రమాణం. జుట్టు కోసం అమ్మే కొన్ని మాత్రల్లో 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. మూడు వందల రెట్లు పైన. అవిడిన్ బయోటిన్ ని పట్టి వదలదని చెప్పాను కదా. చాలా రక్తపరీక్షలు ఆ పట్టుని ఆధారం చేసుకునే పనిచేస్తాయి. రక్తంలో బయోటిన్ అంత ఎక్కువగా ఉంటే ఆ పరీక్షలు తప్పు చెబుతాయి. థైరాయిడ్ పరీక్ష తారుమారు కావచ్చు. గుండెపోటు గుర్తుపట్టే ట్రోపోనిన్ పరీక్షలో ఉన్నది లేనట్టు రావచ్చు. అమెరికా ఎఫ్.డి.ఏ. 2017 నవంబరులో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. అందుకని మీరు గానీ, మీ ఇంట్లోవాళ్ళు గానీ ఈ మాత్రలు వేసుకుంటుంటే, రక్తం ఇచ్చేముందు డాక్టరుకి తప్పక చెప్పండి. ఛాతీలో నొప్పితో వెస్ట్‌మీడ్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళినప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సంచీలో ఏ మాత్రలున్నాయో కూడా ఓసారి చూడండి.

కోలీన్ కావాలంటే సీసా అక్కర్లేదు. ఒక పెద్ద గుడ్డులో 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, అదీ పచ్చసొనలో. ఉడికించుకుని తినండి, పచ్చసొన పారేయకండి. గుడ్డు ఎంతవరకు తినవచ్చో, మీకు షుగరో కొలెస్టరాలో ఉంటే, మీ డాక్టరునే అడగండి, నన్ను కాదు.

మా బాబాయి ఈ వేసవికి టానిక్ కొనలేదు. ఆ డబ్బుతో ఒక తూకం మిషన్ కొన్నాడు. వారానికోసారి కొన్ని పెట్టలని తూచి నాకు అంకెలు పంపిస్తున్నాడు. ఆ అంకెలతో ఏం చెయ్యాలో ఇప్పుడు ఆయనకే నాకన్నా బాగా తెలుసు.